పేరు పేరునా తలచుకోవడం

2007 ఏప్రిల్ 16 సోమవారం ఉదయం అమెరికాలోని వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయంలో ఒక విద్యార్థి రెండు చోట్ల కాల్పులు జరిపి 32 మందిని చంపాడు. ఏడుంబావు ప్రాంతంలో ఒక హాస్టల్లో ఇద్దరు చనిపోయారు. రెండు గంటలు దాటాక నారిస్ హాల్ అనే ఇంజనీరింగ్ భవనంలో మరో 30 మంది చనిపోయారు. హంతకుడు ఆ భవనం తలుపులకు లోపలి నుంచి గొలుసులు బిగించి, ఒక్కొక్క తరగతి గదిలోకి చొరబడి కాల్చాడు. పది పన్నెండు నిమిషాల్లో అంతా అయిపోయింది. చివరికి తనను తాను కాల్చుకున్నాడు. మృతుల్లో 27 మంది విద్యార్థులు, ఐదుగురు అధ్యాపకులు.

నారిస్ హాల్ 206వ గదిలో ఆ వేళ జలవిజ్ఞానం తరగతి నడుస్తోంది. పాఠం చెబుతున్న ఆచార్యుడు జి.వి. లోగనాథన్. తమిళనాడులోని గోబిచెట్టిపాళయం ప్రాంతంలో పుట్టి, కాన్పూరు ఐఐటీలో ఎంటెక్, పర్డ్యూ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేసి, పాతికేళ్లుగా వర్జీనియా టెక్‌లోనే పాఠాలు చెబుతున్నారు. పడిన వానలో వాగుకు చేరేదెంత, నేలలో ఇంకేదెంత, వరద ఎప్పుడు వస్తుంది, ఊరికి నీళ్లు ఎలా పంచాలి అన్న లెక్కలే ఆయన చదువు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మీద బతుకు వెళ్లదీసే అనంతపురం జిల్లాలో ఆ చదువు విలువ వేరుశనగ రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ గదిలో లోగనాథన్‌తో పాటు తొమ్మిది మంది విద్యార్థులు చనిపోయారు. ముంబై నుంచి ఆర్కిటెక్చర్ చదవడానికి వెళ్లిన మినాల్ పంచాల్ వాళ్లలో ఒకరు.

ఇంత ఘోరం జరిగిన చోట మళ్లీ పాఠాలు సాగాలి, కొత్త పిల్లలు చేరాలి, పరీక్షలు జరగాలి. అదే సమయంలో పోయినవాళ్లు మరుగున పడిపోకూడదు. ఈ రెండింటినీ కలిపి నడిపించడమే స్మరణ. వర్జీనియా టెక్ ఆ పని ఎలా చేసింది, మిగతా చోట్ల ఎలా జరిగింది, తుపాకీ గుళ్లకు తమ పిల్లలను పోగొట్టుకున్న తెలుగు నేల దాన్ని ఎంతవరకు చేసింది అన్నవి తెలుసుకోదగిన సంగతులు.

ముప్పై రెండు రాళ్లు

కాల్పులు జరిగిన కొద్ది గంటలకే అక్కడి విద్యార్థి బృందం ఒకటి కాలేజీ మధ్యనున్న పెద్ద మైదానం అంచున అర్ధచంద్రాకారంలో 32 రాళ్లు పేర్చింది. ఆ రాళ్లు ఎక్కడి నుంచో తెచ్చినవి కావు. విశ్వవిద్యాలయానికి సొంత గని ఉంది. అక్కడ దొరికే బూడిదరంగు సున్నపురాయితోనే ఆ ప్రాంగణంలోని చాలా భవనాలు కట్టారు. విద్యార్థులు రోజూ నడిచే గోడల రాయే స్మారకమైంది. మరునాటి రాత్రి వేల మంది కొవ్వొత్తులు వెలిగించి ఆ మైదానంలో నిలబడ్డారు.

నాలుగు నెలల తర్వాత, 2007 ఆగస్టు 19న అదే చోట శాశ్వత స్మారకాన్ని ప్రారంభించారు. అదే రాయి, అదే ఆకారం. ఒక్కో రాయి సుమారు 136 కిలోల బరువు. ఒక్కో రాయి మీద ఒక్కో పేరు చెక్కారు. మొదట పేర్చిన చిన్న రాళ్లను ఆయా కుటుంబాలకు అందజేశారు. అంతకు ముందే, మే నెల స్నాతకోత్సవంలో చనిపోయిన విద్యార్థుల పేరిట పట్టాలు ఇచ్చారు.

అప్పటి నుంచి ఏటా ఏప్రిల్ 16 మొదలయ్యే అర్ధరాత్రి స్మారకం దగ్గర జ్యోతి వెలిగిస్తారు. అది మరుసటి అర్ధరాత్రి దాకా వెలుగుతుంది. నారిస్ హాల్లో కాల్పులు జరిగిన వేళకు, ఉదయం 9 గంటల 43 నిమిషాలకు, పుష్పగుచ్ఛం ఉంచి మౌనం పాటిస్తారు. మృతుల సంఖ్యకు గుర్తుగా 3.2 మైళ్ల పరుగు నిర్వహిస్తారు.

ఇక నారిస్ హాల్ విషయం. అక్కడ మళ్లీ తరగతులు నడపడం ఎవరికీ మనస్కరించలేదు. దాన్ని పూర్తిగా పడగొడితే జరిగింది దాచేసినట్టవుతుందన్న ఆలోచనా వచ్చింది. ఆ రోజు ఫ్రెంచ్ పాఠం చెబుతూ చనిపోయిన జోసెలిన్ కుత్యూర్ నోవాక్ భర్త యెర్జీ నోవాక్ అదే విశ్వవిద్యాలయంలో ఉద్యాన శాస్త్ర ఆచార్యుడు. హింసను ముందే అడ్డుకునే మార్గాలను అధ్యయనం చేసే కేంద్రం పెట్టాలని ఆయన పట్టుబట్టారు. కాల్పులు జరిగిన అంతస్తును మరమ్మతు చేసి, ఆ కేంద్రాన్ని అక్కడే నెలకొల్పారు. దానికి తొలి డైరెక్టరు ఆయనే. భార్య ప్రాణం పోయిన చోటే ఆయన రోజూ వెళ్లి పనిచేశారు.

రాతి మీద పేర్లు చెక్కడంతో పని తీరిపోదని అక్కడివాళ్లు గ్రహించారు. వర్జీనియా రాష్ట్ర గవర్నరు నియమించిన విచారణ సంఘం అదే ఏడాది ఆగస్టులో నివేదిక ఇచ్చింది. హాస్టల్లో మొదటి కాల్పులు జరిగాక విశ్వవిద్యాలయం విద్యార్థులందరికీ తొలి హెచ్చరిక మెయిల్ పంపేసరికి తొమ్మిదిన్నర కావచ్చింది. ఆ ఆలస్యాన్ని నివేదిక దాచలేదు. హంతకుడి మానసిక స్థితి గురించి అధ్యాపకుల్లో, పోలీసుల్లో, వైద్యుల్లో తలా కొంత సమాచారం ఉన్నా, అదంతా ఒక్కచోట చేరలేదన్న సంగతినీ బయటపెట్టింది. ఆ తర్వాతే అమెరికా కాలేజీల్లో ఫోను సందేశాల ద్వారా క్షణాల్లో హెచ్చరించే ఏర్పాట్లు విస్తరించాయి. తుపాకీ కొనేవాళ్ల పూర్వాపరాలు తనిఖీ చేసే రికార్డుల లోపాలు సరిదిద్దడానికి 2008 జనవరిలో ఒక చట్టం వచ్చింది. మృతుల కుటుంబాలు ఈ మార్పుల కోసం సంవత్సరాల తరబడి పోరాడాయి.

ఒక చిక్కు కూడా వచ్చింది. కాల్పులు జరిగిన రోజుల్లో ఒక విద్యార్థిని ఆ వరసలో 33వ రాయి పెట్టింది. ఆ రోజు పోయిన ప్రాణాలు 33 అన్నది ఆమె వాదన. అతని కుటుంబానికీ కడుపుకోతే మిగిలిందన్నది నిజం. కానీ బిడ్డను పోగొట్టుకున్న తల్లి పూలు పెట్టే వరసలోనే ఆ బిడ్డను చంపినవాడి రాయి ఉండటం తగదని చాలామంది భావించారు. శాశ్వత స్మారకంలో 32 రాళ్లే ఉంచారు. హంతకుడి పేరు, ఫొటో పదేపదే చూపడం వల్ల అతనికి కోరుకున్న ప్రచారమే దక్కుతుందని, అలాంటి దారిలో నడిచేవాళ్లకు అది ఊతమవుతుందని ఇప్పుడు చాలా దేశాల్లో బాధిత కుటుంబాలు పత్రికలను వేడుకుంటున్నాయి. చంపినవాడి కన్నా చనిపోయినవాళ్ల పేర్లే జనం నోట నిలవాలన్నది వాళ్ల కోరిక.

ఆలస్యంగా వచ్చిన పేర్లు

అన్ని విశ్వవిద్యాలయాలూ ఇంత త్వరగా కళ్లు తెరవలేదు. 1966 ఆగస్టు 1న టెక్సస్ విశ్వవిద్యాలయంలో ఒకడు గడియార స్తంభం ఎక్కి పై నుంచి కాల్పులు జరిపాడు. పది మందికి పైగా చనిపోయారు. ఆ దేశంలో కాలేజీ ఆవరణలో జరిగిన తొలి పెద్ద కాల్పుల ఘటన అది. జరిగింది మరిచిపోతేనే మంచిదని ఆ విశ్వవిద్యాలయం చాలా ఏళ్లు మౌనంగా ఉండిపోయింది. 1999లో ఒక చిన్న తోటను వాళ్లకు అంకితం చేశారు. మృతుల పేర్లు చెక్కిన గులాబీ రంగు గ్రానైట్ రాయిని ఆవిష్కరించింది మాత్రం 2016 ఆగస్టు 1న, సరిగ్గా యాభై ఏళ్లకు. ఆ రోజు స్తంభం మీది గడియారాన్ని కాల్పులు మొదలైన వేళ దగ్గర ఆపేశారు. ఆనాడు గాయపడి బతికినవాళ్లు అప్పటికి ముసలివాళ్లయ్యారు. తమకు ఏమైందని అడిగే నాథుడు లేక యాభై ఏళ్లు గడిపినవాళ్లు వాళ్లు.

ఒహాయో రాష్ట్రంలోని కెంట్ స్టేట్ విశ్వవిద్యాలయంలో కాల్చింది ఒంటరి హంతకుడు కాడు. 1970 మే 4న వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా విద్యార్థులు గుమికూడినప్పుడు ప్రభుత్వ సైనికులే వాళ్ల మీద 13 సెకన్లలో 67 గుళ్లు పేల్చారు. నలుగురు చనిపోయారు, తొమ్మిది మంది గాయపడ్డారు. విశ్వవిద్యాలయం 1975 తర్వాత సంస్మరణ నిర్వహించడం మానుకుంటే, విద్యార్థులే సంఘం పెట్టుకుని ఏటా రాత్రి కొవ్వొత్తులతో నడక సాగించారు. ఆ స్థలంలో వ్యాయామశాల కట్టబోతే గుడారాలు వేసుకుని అడ్డుకోవడానికి ప్రయత్నించారు. స్మారకం 1990లో వచ్చింది. నలుగురూ నేలకొరిగిన చోట్లు అప్పటికి కార్లు నిలిపే స్థలాలు. 1999లో ఒక్కో చోటును రాతి గట్టుతో, దీపస్తంభాలతో గుర్తించి, అక్కడ ఎవరూ బండి ఆపకుండా చేశారు. ఆ దారిన పోయే కొత్త విద్యార్థికి ఎవరూ చెప్పకుండానే ఇక్కడ ఏదో జరిగిందని తెలుస్తుంది.

కెనడాలోని మాంట్రియల్ ఇంజనీరింగ్ కాలేజీలో 1989 డిసెంబరు 6న ఒకడు తరగతిలో మగపిల్లలను బయటికి పంపి ఆడపిల్లలను కాల్చాడు. ఆ రోజు 14 మంది మహిళలు చనిపోయారు. ఆడపిల్లలు ఇంజనీరింగ్ చదవడమే వాడి కళ్లకు నేరమైంది. రెండేళ్లకు కెనడా పార్లమెంటు డిసెంబరు 6ను మహిళలపై హింసను గుర్తుచేసుకునే జాతీయ దినంగా ప్రకటించింది. మృతుల తల్లిదండ్రులు, ఆ రోజు బతికి బయటపడిన విద్యార్థినులు తుపాకీ చట్టాల కోసం గట్టిగా నిలబడ్డారు. ఇప్పుడు ఆ సాయంత్రం మాంట్రియల్ కొండ మీద 14 కాంతి స్తంభాలు ఒక్కొక్కటిగా ఆకాశంలోకి లేస్తాయి, ఒక్కో పేరు చదివినప్పుడు ఒక్కో వెలుగు. ఎందుకు చంపారన్న కారణాన్ని దాచకుండా చెప్పడం వల్లే ఆ స్మరణ దేశమంతటిదైంది.

ఇలాంటి విషాదం సంపన్న దేశాలకే పరిమితం కాదు. కెన్యాలోని గారిస్సా విశ్వవిద్యాలయంలో 2015 ఏప్రిల్ 2న ఉగ్రవాదులు 148 మందిని చంపారు. వాళ్లలో అత్యధికులు విద్యార్థులే. ఢాకా విశ్వవిద్యాలయంలో 1971 మార్చి 25 రాత్రి పాకిస్తాన్ సైన్యం హాస్టళ్ల మీద పడి విద్యార్థులనూ ఆచార్యులనూ కాల్చి చంపింది. బంగ్లాదేశ్ ఆ రాత్రిని ఏటా తలచుకుంటుంది.

తెలుగు ఇళ్లకు చేరిన వార్తలు

అనంతపురం పట్టణంలో 1940ల నుంచి ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. ఈనాటి జేఎన్‌టీయూ అనంతపురం దాని నుంచి పెరిగినదే. పక్కనే ఇటుకలపల్లి దగ్గర శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఉంది. బోరు ఎండి, పంట పోయి, అప్పు మిగిలిన ఇళ్లలో కూడా పిల్లల చదువు ఆగకూడదన్న పట్టుదల ఈ జిల్లాలో గట్టిది. ఇక్కడి నుంచి అమెరికాకు పై చదువులకు వెళ్లే పిల్లలు చాలామందే ఉన్నారు. కాబట్టి అక్కడి కాలేజీలో తుపాకీ పేలితే ఇక్కడ ఫోన్లు మోగుతాయి.

వర్జీనియా టెక్ ఘటన జరిగిన ఏడాదే, 2007 డిసెంబరు 13 రాత్రి, లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయం ఆవరణలోని అపార్ట్‌మెంట్లో ఇద్దరు తెలుగు పరిశోధక విద్యార్థులను కాల్చి చంపారు. పీహెచ్‌డీ పట్టాతో తిరిగి రావలసిన పిల్లలు శవపేటికల్లో వచ్చారు. అలాంటప్పుడు మృతదేహం ఇంటికి చేరడమే పెద్ద ప్రయాణం. పోస్టుమార్టం, మరణ ధ్రువపత్రం, రాయబార కార్యాలయం అనుమతి, విమాన సరుకు రవాణా ఇవన్నీ ముగిసేసరికి రోజులు పడతాయి. అక్కడి తెలుగు సంఘాలు, తోటి విద్యార్థులు చందాలు పోగుచేసి, కాగితాలు పట్టుకుని తిరిగి, ఈ పని చేసిపెడతారు. విమానాశ్రయంలో సరుకుల విభాగం బయట నిలబడిన తండ్రికి ఆ తోటి విద్యార్థులు చేసిన సాయం జీవితాంతం గుర్తుంటుంది.

2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రంలోని ఒలేతాలో హైదరాబాదుకు చెందిన ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ను, మీ దేశానికి మీరు పొండంటూ అరిచిన ఒకడు కాల్చి చంపాడు. ఇది కాలేజీలో జరిగింది కాదు. కానీ స్మరణ ఎలా ఉండవచ్చో ఆయన భార్య సునయన దుమాల చేసి చూపించారు. భర్త పోయిన ఊరు విడిచి వెళ్లిపోకుండా అక్కడే ఉండి, వలస వచ్చినవాళ్లనూ స్థానికులనూ దగ్గర చేసే సంస్థను ప్రారంభించారు. కాన్సస్ గవర్నరు ఆ ఏడాది మార్చి 16ను భారతీయ అమెరికన్లను గౌరవించే దినంగా ప్రకటించారు.

మన నేల మీద, మన పిల్లల మీద

మన దేశంలో తుపాకీ లైసెన్సు 1959 నాటి ఆయుధాల చట్టం కింద కష్టంగా దొరుకుతుంది. అందుకే ఒంటరి హంతకుడు కాలేజీలో చొరబడి కాల్చే ఘటనలు ఇక్కడ అరుదు. కానీ కెంట్ స్టేట్ లాంటివి, అంటే విద్యార్థుల మీద ప్రభుత్వ తుపాకులే పేలిన రోజులు, తెలుగు చరిత్రలో చాలా ఉన్నాయి.

1952 సెప్టెంబరు మొదటి వారంలో హైదరాబాదులో ముల్కీ ఆందోళన జోరుగా ఉంది. స్థానికుల ఉద్యోగాలు బయటివాళ్లకు పోతున్నాయన్నది విద్యార్థుల ఆవేదన. సిటీ కాలేజీ దగ్గర పోలీసులు కాల్పులు జరిపారు. మరునాడూ కాల్పులు ఆగలేదు. మొత్తం మీద కొంతమంది యువకులు ప్రాణాలు కోల్పోయారు. హైకోర్టు న్యాయమూర్తి పింగళి జగన్మోహన్‌రెడ్డితో విచారణ జరిపించారు.

1966లో విశాఖలో ఉక్కు కర్మాగారం పెట్టాలని ఆంధ్ర రాష్ట్రమంతా ఉద్యమించింది. తమనంపల్లి అమృతరావు నిరాహార దీక్షకు కూర్చున్నారు. ఆంధ్రా విశ్వవిద్యాలయం విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. నవంబరు 1న, రాష్ట్రావతరణ దినం నాడే, విశాఖపట్నంలో పోలీసులు కాల్పులు జరిపారు. ఆ ఉద్యమంలో 32 మంది బలయ్యారని తెలుగువాళ్లంతా చెప్పుకుంటారు. 1970 ఏప్రిల్లో ప్రధాని ఇందిరాగాంధీ పార్లమెంటులో కర్మాగారం ప్రకటించారు. మరుసటి ఏడాది జనవరిలో శంకుస్థాపన జరిగింది.

వర్జీనియా టెక్‌లోనూ 32 మందే. అక్కడికి వెళ్లినవాళ్లు 32 పేర్లు చదువుకోగలరు. విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అన్న నినాదం వచ్చిన తెలుగు పిల్లాడిని అడిగితే 32 అన్న అంకె చెబుతాడు, పేర్లు అడిగితే నీళ్లు నములుతాడు. తప్పు ఆ పిల్లాడిది కాదు. పాఠ్యపుస్తకాలు, సభలు, ఉపన్యాసాలు అతని చెవిన వేసింది అంకె ఒక్కటే.

1969 తెలంగాణ ఉద్యమం సంగతీ అంతే. ఉస్మానియా విద్యార్థులు ముందు నిలిచిన ఆ ఉద్యమంలో 369 మంది కాల్పులకు బలయ్యారన్నది జనంలో స్థిరపడిన లెక్క. ప్రభుత్వం ఒప్పుకున్న లెక్క అందుకు చాలా తక్కువ. హైదరాబాదు శాసనసభ ఎదుట గన్‌పార్కులో శిల్పి ఎక్కా యాదగిరిరావు చెక్కిన స్తూపం వాళ్ల కోసమే. 1970లో దానికి శంకుస్థాపన జరిగింది. దాని నల్లరాతి పీఠం దగ్గర వంగి చూస్తే నాలుగు వైపులా తొమ్మిదేసి గుంటలు కనిపిస్తాయి. అవి తుపాకీ గుళ్లు దిగిన గుర్తులు. తొమ్మిది అప్పటి తెలంగాణ జిల్లాల సంఖ్య. పైన తెల్లని పాలరాతి పువ్వుకు తొమ్మిది రేకులు. ఉద్యమంలో దిగే నాయకులు చాలామంది మొదట దండ వేసేది అక్కడే. కళగా చూస్తే అది తెలుగు నేల మీది గొప్ప స్మారకాల్లో ఒకటి. దాని ముందు నిలబడిన మనిషికి జిల్లాలు గుర్తొస్తాయి, గుళ్లు గుర్తొస్తాయి. ఎవరెవరు చనిపోయారో తెలియాలంటే వేరే చోట వెతుక్కోవాలి.

తలచుకోవడానికే అనుమతి దొరకని సందర్భమూ ఉంది. 1981 ఏప్రిల్ 20న ఆదిలాబాదు జిల్లా ఇంద్రవెల్లిలో భూమి హక్కు కోసం సభకు వచ్చిన గోండు గిరిజనుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వం 13 మంది అంది. అక్కడి జనం అంతకు ఎన్నో రెట్లు అన్నారు. వాళ్ల కోసం కట్టిన స్తూపాన్ని కొన్నేళ్లకే పేల్చేశారు. మళ్లీ కట్టినా, ఏటా ఆ తేదీన అక్కడ గుమికూడకుండా చాలా ఏళ్లు ఆంక్షలు పెట్టారు.

ఒక్కొక్కరినీ వేరుగా గుర్తుంచుకున్న ఉదాహరణ తెనాలిలో కనిపిస్తుంది. క్విట్ ఇండియా పిలుపు వచ్చిన వెంటనే, 1942 ఆగస్టు 12న అక్కడ జరిగిన పోలీసు కాల్పుల్లో ఏడుగురు చనిపోయారు. ఆ చోటును రణరంగ చౌక్ అన్నారు. ఏడుగురికీ ఏడు స్తూపాలు నిలిపారు.

అనంతపురం రాళ్లు చెప్పేది

పోయినవాళ్లను రాతి మీద తలచుకునే విద్య అనంతపురం పీఠభూమికి కొత్త కాదు. నేటి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన మడకశిర, హిందూపురం ప్రాంతం ఒకప్పుడు నొళంబుల ఏలుబడిలో ఉండేది. హేమావతి వాళ్ల రాజధాని. ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఊరి చివర, చెరువు కట్ట మీద, చేను గట్టున వీరగల్లులు నిలబడి ఉంటాయి. మనిషి నడుము ఎత్తున్న బండ మీద మూడు వరుసల బొమ్మలు. కింది వరుసలో వీరుడు కత్తి దూసి పోరాడుతుంటాడు, కొన్నింటిలో పక్కనే తోలుకుపోతున్న పశువుల మంద ఉంటుంది. మధ్య వరుసలో దేవకన్యలు అతన్ని పైకి తీసుకుపోతారు. పై వరుసలో అతను శివలింగం ముందు కూర్చుని ఉంటాడు. శాసనం ఉన్న రాళ్ల మీద అతని పేరు, ఏ ఊరి పశువులను కాపాడుతూ పోయాడు, ఇంటివాళ్లకు ఊరు ఇచ్చిన మాన్యం ఎంత అన్నది రాసి ఉంటుంది. వెయ్యేళ్లు దాటిన రాయికి ఇప్పటికీ పసుపు రాసి, పండుగకు దీపం పెట్టే ఊళ్లున్నాయి. ఎవరు, ఎలా, దేనికోసం, ఆపైన ఇంటివాళ్ల బాగోగులు. నాలుగూ ఒక్క బండ మీద ఇమిడాయి.

తుపాకీ గుండుకు బలైన మనిషి కోసం అనంతపురం జిల్లా నిలిపిన రాయి గుంతకల్లులో ఉంది. మద్రాసు రైల్వేలో గేటు కాపలాదారు హంపన్న. 1893 అక్టోబరు 4న రైల్లో వచ్చి దిగిన తెల్ల సైనికులు ఇద్దరు ఆడవాళ్లను వెంటాడారు. వాళ్లకు అడ్డు నిలిచిన హంపన్నను కాల్చారు. అతను చనిపోయాడు. నిందితుడైన సైనికుణ్ణి మద్రాసులో విచారించి నిర్దోషిగా విడిచిపెట్టారు. ఆ తీర్పు మీద దేశీయ పత్రికలు మండిపడ్డాయి. కోర్టు ఇవ్వని న్యాయాన్ని జనం చందాలు వేసుకుని రాతి మీద రాయించారు. హంపన్న పేరు, ఆడవాళ్ల మానం కాపాడబోయి ప్రాణం వదిలాడన్న సంగతి అందులో ఉన్నాయి. తెల్లవాళ్లు ఏలుతున్న రోజుల్లో, ఒక మామూలు గేటు కాపలాదారు పేరు అలా నిలవడం చిన్న విషయం కాదు. నూట ముప్పై ఏళ్లు దాటినా ఆ కథ ఇంకా చెప్పుకోగలగడానికి కారణం ఆ రాయే.

ఇక్కడి జనానికి అలవాటైన మరో స్మరణ చలివేంద్రం. మార్చి దాటి ఎండ ముదిరితే బస్టాండు దగ్గర వేపచెట్టు కిందో, నాలుగు కూడలి పందిరి కిందో తడిగుడ్డ చుట్టిన కుండలు వెలుస్తాయి. వెనక బ్యానరు మీద చనిపోయిన మనిషి ఫొటో, కింద జ్ఞాపకార్థం అని పేరు, ఊరు. దాహంతో వచ్చిన బాటసారి గ్లాసు ఎత్తి ఆ ముఖం ఒకసారి చూసి తాగుతాడు. నీటికి కటకటలాడే చోట పోయినవాళ్ల పేరు మీద నీళ్లు పోయడం గొప్ప పుణ్యమని నమ్ముతారు. చదువుకోబోయి చనిపోయిన బిడ్డ పేరిట తల్లిదండ్రులు కాలేజీలో స్కాలర్‌షిప్పు పెట్టడం, గ్రంథాలయానికి పుస్తకాలు ఇవ్వడం ఈ వరసలోనివే.

నిలిచే స్మరణకు కావలసినవి

ఈ ఉదాహరణలన్నీ కలిపి చూస్తే కొన్ని సంగతులు తేలుతాయి. మొదటిది పేరు. ఎంతమంది పోయారన్న అంకె వార్తకు సరిపోతుంది. తల్లికి, స్నేహితుడికి, తరవాతి తరానికి కావలసింది మనిషి. పేరుతో పాటు ఏ ఊరు, ఏం చదువుతున్నాడు, దేని మీద ఇష్టం అన్న నాలుగు మాటలు ఉంటే రాయి మాట్లాడుతుంది. అయితే పేరు బయట పెట్టడం కుటుంబం ఇష్టాన్ని బట్టి జరగాలి. ఏకాంతం కోరుకునే ఇంటివాళ్లను సభలకు ఈడ్చడం, శవపేటిక దగ్గర కెమెరా పెట్టడం స్మరణ అనిపించుకోదు.

రెండోది నిజం. ఎవరు కాల్చారు, ఎందుకు, ఎవరి ఆదేశం మీద, ఏ హెచ్చరిక ఎవరు పట్టించుకోలేదు అన్నవి విచారించి, నివేదిక జనం ముందు పెట్టాలి. విచారణ జరిగినా నివేదిక బీరువాలో ఉంటే పోయినవాళ్లకు న్యాయం జరగలేదన్న బాధ తరాల పాటు మిగులుతుంది.

మూడోది బతికినవాళ్లు. గాయపడినవాళ్లు, పక్క బెంచీ మీది స్నేహితుడు పడిపోవడం చూసినవాళ్లు, కాల్పుల నుంచి పారిపోయి తాము మాత్రమే మిగిలామన్న అపరాధ భావంతో నలిగేవాళ్లు ఏళ్ల తరబడి బాధపడతారు. వైద్యం, ఫీజు మినహాయింపు, పరీక్షల్లో వెసులుబాటు, మనసు విప్పి మాట్లాడే మనిషి వాళ్లకు అందాలి. వీరగల్లు కాలంలో ఊరు ఇంటివాళ్లకు మాన్యం ఇచ్చిందంటే అందులో ఈ ఆలోచనే ఉంది.

నాలుగోది మార్పు. హెచ్చరిక పద్ధతి, ఆయుధాల చట్టం, నిరసన తెలిపే విద్యార్థులతో పోలీసులు నడుచుకునే తీరు మారితే పోయినవాళ్ల పేరు మీద కొన్ని ప్రాణాలు నిలుస్తాయి. అయిదోది క్రమం. మొదటి వర్ధంతికి వేల మంది వస్తారు, పదో ఏటికి పదిమంది. తేదీ, వేళ, పేర్లు చదివే పద్ధతి స్థిరంగా ఉండి, దాన్ని ఏటా కొత్త విద్యార్థులకు అప్పగిస్తేనే స్మరణ సాగుతుంది.

తెలుగు నేల మీద ఇందులో పెద్ద లోటు మొదటిదే. 1952, 1966, 1969 నాటి మృతుల పేర్లు పూర్తిగా పోయినవి కావు. పోలీసుల పంచనామాలు, ఆసుపత్రి రిజిస్టర్లు, శ్మశానాల పద్దులు, ఆనాటి పత్రికల ఫైళ్లు, శాసనసభ చర్చల ప్రతులు వెతికితే దొరకవచ్చు. ఆనాటి తోటి విద్యార్థుల్లో కొందరు డెబ్బై, ఎనభై ఏళ్ల వయసులో ఉన్నారు. విశ్వవిద్యాలయాల చరిత్ర విభాగాలు తమ ఎంఏ విద్యార్థులకు ఒక్కో ఊరు, ఒక్కో ఆసుపత్రి, ఒక్కో ఏడాది పత్రికలు పంచి పని అప్పగిస్తే, రెండు మూడేళ్లలో నమ్మదగిన జాబితాలు తయారవుతాయి. ప్రభుత్వ లెక్క, జనం లెక్క మధ్య వివాదం కూడా పేర్లు ఎదురుగా ఉంటేనే తీరుతుంది. ఆ జాబితాలను స్తూపాల పక్కన చెక్కించి, పాఠ్యపుస్తకాల్లో చేర్చడం ప్రభుత్వాల పని. ముసలివాళ్లు ఉండగానే మొదలుపెట్టవలసిన పని ఇది.